గంజి వార్చిందెప్పుడు?

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగుతుంది. ఊరి చివర ఫంక్షన్ హాలు నుంచి. ఒకే ముహూర్తానికి ఊళ్ళో బోలెడు పెళ్ళిళ్ళు పడ్డాయి, ఇక్కడికి వస్తారనుకున్న వాళ్ళలో సగం మంది ఇంకో పందిట్లో అక్షింతలు వేస్తున్నారు. "మూడొందల మందికి సరిపడా మిగిలింది సార్. పారబొయ్యాలంటే ప్రాణం ఒప్పట్లేదు. బండి పంపిస్తారా?"

మిగిలిన అన్నం సేకరించి రోడ్ల పక్కన పడుకునేవాళ్ళకి పంచే సంస్థలు మన నగరాల్లో చాలా ఉన్నాయి. ఇలాంటి ఫోన్లు వాళ్ళకి మామూలే. అవతల ఫోన్ ఎత్తిన కుర్రాడు అడగాల్సినవి చాలా ఉంటాయి: ఏమేం వంటలు, ఎన్ని గుండిగలు, బండి లోపలికొస్తుందా. వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన మాట ఒకటుంది. "గంజి వార్చిందెప్పుడండీ?"

"ఐదింటికి" అంటాడు వంటమాస్టరు. అంటే ఆరున్నర గంటలు. ఆ ఆరున్నర గంటల్లో గుండిగ లోపల ఏం జరిగిందన్నదే ఈ అధ్యాయం.

వండిన అన్నంలో క్రిములుండవని మన నమ్మకం. సలసలా మరిగిన నీళ్ళలో ఏం బతుకుతుందిలే అనుకుంటాం. చాలా క్రిములు బతకవు, నిజమే. బాసిల్లస్ సీరియస్ అనే ఒక మట్టి బాక్టీరియా మాత్రం తన సంగతి తాను చూసుకుంటుంది. పొలంలో వరి కంకిని పట్టుకుని, మిల్లు దాటి, బస్తాలో కూర్చుని వంటింటిదాకా వస్తుంది. కష్టకాలంలో సిద్ధబీజంగా మారిపోతుంది. గింజ పెంకు గట్టిగా బిగించుకుని మొలకెత్తే రోజు కోసం చూసినట్టు, ఇది కూడా మందపాటి తొడుగు వేసుకుని నిద్రపోతుంది. ఎసరు మరుగు దానికొక లెక్క కాదు. పైగా ఆ వేడి మిగతా క్రిములన్నిటినీ చంపి పొలం ఖాళీ చేసి పెడుతుంది. అన్నం గోరువెచ్చబడగానే ఇది మేలుకుంటుంది. చుట్టూ పిండిపదార్థం, తేమ. పోటీకి ఎవరూ లేరు.

1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనా భోజనశాలల్లో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళకి గంటల వ్యవధిలోనే వాంతులు పట్టుకున్నాయి. ఆరా తీస్తే తప్పు వేపుడులో లేదు. అన్నం ముందుగా ఉడికించి, ఫ్రిజ్‌లో పెడితే ముద్దకడుతుందని బయటే వదిలేశారు. ఆ కాస్త విరామంలో బాసిల్లస్ సీరియస్ పెరిగి సెరులైడ్ అనే విషాన్ని వదిలింది. తర్వాత భగభగమండే పెనం మీద వేయించినా ప్రయోజనం లేకపోయింది. సెరులైడ్ 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా చెడదు. బాక్టీరియా చస్తుంది, అది పోసిన విషం మాత్రం మిగులుతుంది. "మళ్ళీ ఓసారి వేడిచేస్తే సరిపోతుంది" అన్న మన పెద్ద వంటింటి సూత్రం ఇక్కడ చెల్లదు.

విషాన్ని ఆహారంలో ముందే పోసి పెట్టే రెండో ఘనుడు స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇది మట్టిలోంచి రాదు, మనలోంచే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎందరి ముక్కుల్లోనో నివాసం. చీమిడి తుడుచుకున్న వేలు, చీము పట్టిన గోరుచుట్టు చాలు దానికి. దీని విషం కూడా వేడికి లొంగదు. చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని వడ్డించే కుర్రాడిని చూస్తే ముచ్చటేస్తుంది. అదే తొడుగుతో ఫోన్ తీసి, చెమట తుడుచుకుని, సెల్ఫీ దిగి, మళ్ళీ గారె అందుకుంటాడు. సబ్బుతో కడుక్కున్న ఒట్టి చెయ్యే అంతకన్నా నయం.

ఇక మూడోది, పెద్ద వంటలకి అసలైన శత్రువు: క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. ఇదీ సిద్ధబీజాల జాతే, కాకపోతే గాలి సోకితే పెరగదు. గంటలకొద్దీ మరిగి గాలంతా పోయిన మాంసం కూర అడుగు, చిక్కటి పప్పు, కిచిడీ నడిమధ్య దీనికి సొంత ఊరు. 43 నుంచి 47 డిగ్రీల వేడి దొరికితే పది నిమిషాల లోపే ఒకటి రెండవుతుంది. లెక్క వేసి చూడండి. గ్రాముకి వంద ఉన్నాయనుకుందాం. పది నిమిషాలకోసారి రెట్టింపయితే గంటకి ఆరు వేల పైచిలుకు. రెండు గంటలకి 4 లక్షలు. మూడో గంట నిండేసరికి 2 కోట్ల 60 లక్షలు. మొదటి గంటన్నరలో కూర పెద్దగా మారనట్టే ఉంటుంది, కొంప మునిగేదంతా చివరి గంటలోనే. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసినవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

తిన్నవాళ్ళ పేగుల్లోకి ఈ బాక్టీరియా లక్షల్లో చేరాక అక్కడ విషం తయారు చేస్తుంది. పది పన్నెండు గంటల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు. ఆ గడువు వల్లే నేరస్థుడు దొరకడు. మధ్యరాత్రి తిన్న అన్నానికి మర్నాడు మధ్యాహ్నం కడుపు పట్టేస్తే, జనం పొద్దున తాగిన టీని అనుమానిస్తారు.

గుండిగ దగ్గరికి మళ్ళీ వద్దాం. నలుగురికి వండిన కూర గిన్నె పొయ్యి దించాక గంటలో చల్లారుతుంది. మూడొందల మందికి వండింది చల్లారదు. చుట్టూ గాలి తగిలే ఒంటి వైశాల్యం రెండింతలయ్యేసరికి లోపలి సరుకు అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. బిర్యానీ, కిచిడీ, ముద్దపప్పు లాంటి గట్టి పదార్థాల్లో వేడి బయటికి రావాలంటే మెతుకు నుంచి మెతుక్కి పాకుతూ రావాలి. మందం రెట్టింపయితే ఆ ప్రయాణానికి నాలుగింతల సమయం. అందుకే సాయంత్రం దించిన గుండిగ పైన చల్లగా తగులుతుంది, గరిటె లోతుగా దించితే అర్ధరాత్రి కూడా వెచ్చటి ఆవిరి కొడుతుంది. "ఇంకా వేడిగానే ఉంది సార్" అని క్యాటరర్ భరోసాగా చెప్పే మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారుతుంది. పొగలు కక్కే వేడయితే మంచిదే. చెయ్యి పెట్టగలిగే వేడయితే అదే 45 డిగ్రీలు.

ఆహార భద్రత నియమాలు దేశానికొక రకంగా కనిపిస్తాయి గానీ వాటన్నిటి గుండెకాయ ఇదే. 5 డిగ్రీలకి కింద ఉంచు, లేదా 60కి పైన ఉంచు, మధ్యలో ఎంతసేపు ఉందో గడియారం పెట్టి లెక్కించు. అమెరికా ఆహార నియమావళి చల్లార్చడానికి రెండు మెట్లు పెట్టింది: 57 నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5కి దిగడానికి మరో నాలుగు గంటలు. మొదటి మెట్టుకి అంత తొందరెందుకో పైన పర్‌ఫ్రింజెన్స్ సంగతి చదివినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఆ దేశపు వ్యవసాయ శాఖ గృహిణులకి చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: వండింది బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే. ఆ రెండో వాక్యం వాళ్ళకి వేసవి పిక్నిక్కుల కోసం. హైదరాబాదుకి, విజయవాడకి అది ఏడాదిలో సగం రోజుల మాట. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెట్టిన గుండిగకి గది ఉష్ణోగ్రత అంటే 42, 43. అంటే పర్‌ఫ్రింజెన్స్‌కి మనం పొయ్యి లేకుండానే వెచ్చబెట్టి పెడుతున్నాం.

దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. వెడల్పాటి పళ్ళేల్లో రెండంగుళాల మందాన పరిస్తే గుండిగ గంటల తరబడి మొరాయించిన పని తొందరగా అయిపోతుంది. పెద్ద వంటల్లో అన్నం వార్చి చాపల మీద రాశి పోసి నెరపడం మన పాతవాళ్ళకి తెలుసు. మెతుకు విడివిడిగా రావాలని చేసేవాళ్ళేమో గానీ వేడి దిగడానికీ అదే దారి. సాంబారు గుండిగని మంచునీళ్ళ తొట్టిలో దించి కలియబెట్టొచ్చు. కూరలో గుచ్చి చూసే థర్మామీటరు ఒక పూట కూరగాయల ఖర్చుకి వస్తుంది. పంచే ముందు మళ్ళీ వేడి చేస్తే అంచులు ఉడికితే సరిపోదు, నడిమధ్య 74 డిగ్రీలు చూపాలి. దాంతో పర్‌ఫ్రింజెన్స్ చస్తుంది. అన్నంలో విషం పేరుకుంటే మాత్రం పైన చెప్పుకున్నట్టు ఏ మంటా కడగలేదు. అందుకే ఆరున్నర గంటలు బయటున్న తెల్లన్నానికి రెండో అవకాశం లేదు. కుర్రాడు చెప్పాల్సిన జవాబు కష్టమైనదే: "అన్నం వద్దండీ. స్వీట్లు, అప్పడాలు, ముట్టని పళ్ళు ఉంటే ఇవ్వండి. పులిహోర ఉందా?"

పులిహోర ఎందుకంటే, చింతపండు పులుపు. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ నాలుగున్నర దిగువకి దిగితే పై రెండు సిద్ధబీజాల జాతులకీ చాలామట్టుకు కాలు కదలదు. గుళ్ళో ప్రసాదానికి, రైలు ప్రయాణానికి మన పెద్దవాళ్ళు పులిహోరని ఎంచుకోవడం ఊరికే కాదు. పులుపు ప్రతి మెతుక్కీ పట్టాలి, అన్నం వేడిమీదే కలపాలి, అంతే. చద్దన్నం కథా ఇదే దారి. నీళ్ళు పోసి ఉంచిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా ముందుగా స్థలం ఆక్రమించి, పులుపు పెంచి, దుష్టుల్ని రానివ్వదు. ముందు చప్పగా గుండిగలో మగ్గిపోయిన అన్నానికి తర్వాత పెరుగు కలిపితే మాత్రం ఆ మేలు రాదు. అప్పటికే చేరిన విషాన్ని పులుపు విరవదు.

"పేదోళ్ళ కడుపులు గట్టివండీ, రాళ్ళు తిన్నా అరిగించుకుంటారు." ఈ మాట అన్నదానాల దగ్గర నేను చాలాసార్లు విన్నాను, దయగల మనుషుల నోటే విన్నాను. ఇంతకన్నా తలకిందులైన మాట లేదు. 2010 మే నెలలో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ముందురోజు వండి సరిగ్గా చల్లార్చని చికెన్ తిని 54 మందికి జబ్బు చేసింది. కారణం పర్‌ఫ్రింజెన్స్. సిబ్బంది ఒకట్రెండు రోజుల్లో తేరుకున్నారు. రోగుల్లో ముగ్గురు చనిపోయారు. మానసిక రుగ్మతలకి వాడే కొన్ని మందులు పేగుల కదలికని మందగింపజేస్తాయి. విషం బయటికి పోకుండా లోపలే నిలబడిపోతుంది. ఒకే గిన్నె, ఒకే కూర. ఒకరికి ఒక రాత్రి ఇబ్బంది, మరొకరికి ప్రాణం.

వీధుల్లో బతికేవాళ్ళలో ఎవరుంటారో ఒకసారి తలుచుకోండి. క్షయ మందులు మింగుతున్నవాళ్ళు, తాగి కాలేయం పాడైనవాళ్ళు, మధుమేహం ఉందని తెలియనివాళ్ళు, మందులు మధ్యలో ఆపేసిన మానసిక రోగులు, పసిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేలకు పైనే తేలారు. వాళ్ళకి విరేచనాలు పట్టుకోవడం మనకి పట్టుకోవడం లాంటిది కాదు. మనకి ఇంట్లో మరుగుదొడ్డి, బిందెడు నీళ్ళు, ఉప్పు, పంచదార, పడుకోవడానికి మంచం ఉంటాయి. ఫ్లైఓవర్ కింద మనిషికి సులభ్ తలుపు తెరిచేదాకా ఆగే ఓపిక కావాలి, లోపలికి పోవడానికి చిల్లర కావాలి. మర్నాడు కూలికి పోకపోతే ఆ పూట కూడూ పోతుంది.

చట్టానికి ఈ తేడా తెలుసా? మన చట్టానికి కొంత తెలుసనే చెప్పాలి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఆహార వ్యాపారాన్ని నిర్వచిస్తూ లాభం కోసమైనా కాకపోయినా అంటుంది. ఉచితంగా పెడుతున్నాం కదా, మాకెందుకీ గొడవ అనడానికి అక్కడ చోటు లేదు. 2011 లైసెన్సింగ్ నిబంధనలు మతపరమైన, సామాజిక సమావేశాల్లో ఆహారం పంచేవాళ్ళని కూడా చిన్న ఉత్పత్తిదారుల లెక్కలో చేర్చి రిజిస్ట్రేషన్ చేయించుకోమన్నాయి. మిగులు ఆహారం సేకరణ, పంపిణీ కోసమే విడిగా రాసిన నిబంధనలు 2019లో వచ్చి 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇచ్చేవాళ్ళు, పంచేవాళ్ళు ఇద్దరి బాధ్యతలూ అందులో ఉన్నాయి. వండిన ఆహారం మీద అదేమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు వండారో, ఎప్పటిలోగా తినాలో, శాకాహారమో మాంసాహారమో రాయాలి. గుళ్ళ ప్రసాదాల కోసం 'భోగ్' అనే పథకం వేరే ఉంది.

ఆ నిబంధనల్లో మిగులు అంటే వాడకుండా మిగిలి, తినడానికి యోగ్యంగా ఉన్నది. తెలుగులో దీనికి నిర్వచనం రాయాల్సిన పని లేదు. మిగిలింది వేరు, ఎంగిలి వేరు అని మూడేళ్ళ పిల్లకీ తెలుసు. చిక్కల్లా బఫే దగ్గర వచ్చింది. కింద చిన్న దీపం, పైన మూత తీసిన పళ్ళెం, వందమంది పట్టుకున్న ఒకే గరిటె, మీద పడే తుమ్ములు. అది మిగులా, ఎంగిలా? నన్నడిగితే ఎంగిలికి పక్కింటిది. వంటశాల వైపు నుంచి మూతపెట్టి ఉన్న గుండిగ తీసుకోవాలి, హాలు వైపు పళ్ళెం వదిలెయ్యాలి.

పొట్లం కట్టే దగ్గర ఇంకో మాట. వార్తాపత్రికలో ఆహారం చుట్టడం 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే నిషిద్ధం. సిరాలోని రంగులు, రసాయనాలు వేడికీ నూనెకీ కరిగి బజ్జీలోకి దిగుతాయి. అరటాకు, అడ్డాకు మన దగ్గర ఉండగా పేపరుకెందుకు పోవాలో నాకు తెలియదు.

ఇచ్చేవాళ్ళకి భయం ఉంటుంది. ఎవరికైనా ఏదైనా అయితే పోలీసు కేసవుతుందేమోనని హోటళ్ళు మంచి అన్నాన్ని కూడా డ్రైనేజీ పాలు చేస్తాయి. అమెరికాలో 1996లో బిల్ ఎమర్సన్ పేరుతో చేసిన చట్టం మంచి మనసుతో ఇచ్చినవాళ్ళకి రక్షణ కల్పించింది, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప. ఇటలీ 2003లో ఇంకో తెలివైన పని చేసింది. ఆహారం పంచే సంస్థనే తుది వినియోగదారుగా లెక్కించమంది. దాంతో ఇచ్చినవాడి బాధ్యత సంస్థ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. న్యాయశాస్త్రంలో అది చక్కటి పరిష్కారం. బాక్టీరియాకి ఆ గుమ్మం కనపడదు, దాని గడియారం ఆగదు.

శుభ్రత పేరు చెప్పి వేరే పని చేసినవాళ్ళూ ఉన్నారు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నగరం 2014లో బహిరంగ స్థలాల్లో అన్నం పంచడం మీద ఆంక్షలు పెట్టింది: ఇళ్ళకి ఇంత దూరం ఉండాలి, తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టాలి. ఆర్నాల్డ్ ఆబట్ అనే తొంభయ్యేళ్ళ ముసలాయన పార్కులో భోజనం పెడుతుంటే పోలీసులొచ్చి ఆపారు. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. అదే నగరం మీద ఇంకో బృందం వేసిన కేసులో 2018లో ఫెడరల్ అప్పీలు కోర్టు, అలా కలిసి భోజనం పెట్టడం కూడా భావప్రకటనే అంది. క్రిమిని దూరంగా ఉంచే నియమానికీ మనిషిని దూరంగా ఉంచే నియమానికీ తేడా కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. మొదటిది థర్మామీటరు గురించి అడుగుతుంది, రెండోది చోటు గురించి.

ఏ నియమావళీ సరిగ్గా పట్టించుకోని సంగతి ఒకటుంది. అది నాకు ఒక పెద్దాసుపత్రి గేటు బయట తెలిసింది. రోగుల వెంట వచ్చినవాళ్ళు అక్కడ పేవ్‌మెంటు మీదే పడుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకి సాంబారన్నం పొట్లాలు పంచుతున్నాం. వండి గంటన్నరే అయింది, అన్నీ పద్ధతి ప్రకారమే చేశామని నాకు లోలోపల కాస్త గర్వం కూడా. ఒక పెద్దమ్మ పొట్లం విప్పి సగం తిని, మిగతా సగం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సంచి ఎండలోనే ఉంది.

"ఎందుకు పెద్దమ్మా, తినేయొచ్చు కదా?"

"రాత్రికి బాబూ. రాత్రికి మీరు రారు కదా."

మా లెక్కపుస్తకంలో వండిన వేళ ఉంది, బండి ఎక్కించిన వేళ ఉంది, పంచిన వేళ ఉంది. తిన్న వేళకి గడి లేదు. పొట్లం మీద "రెండు గంటల్లో తినవలెను" అని అచ్చు వేయించాం. ఆమెకి చదువు రాదు. చదువొచ్చినా ఆ వాక్యం ఆమె రాత్రి ఆకలికి జవాబు కాదు. పాడైందేమో వాసన చూసి తెలుసుకుంటానంది. అన్నాన్ని పులియబెట్టి, జిగురు చేసి, కంపు కొట్టించే క్రిములు వేరు. సెరులైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, రుచి లేదు.

తర్వాత వంటపట్టీ మారింది. మధ్యాహ్నానికి సాంబారన్నం కాస్త తగ్గించి, పక్కన రెండో పొట్లం పెట్టడం మొదలుపెట్టాం. అందులో ఒకరోజు పులిహోర, ఒకరోజు పొడిగా కాల్చిన రొట్టెలు బెల్లంతో, కొన్నాళ్ళు అటుకులు, వేయించిన శనగలు, ఒక అరటిపండు. నీటిశాతం తక్కువైతే బాక్టీరియాకి దాహం తీరదు, అందుకే అటుకులూ శనగలూ ఎండకి చెక్కుచెదరవు. తొక్క ఉన్న పండుకి ప్రకృతే సీలు వేసింది. వేడి పొట్లాన్ని తెల్ల దారంతో, నిలవుండే దాన్ని ఎర్ర దారంతో కట్టి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పేవాళ్ళం: తెల్లది ఇప్పుడే, ఎర్రది రాత్రికి.

రెండు వారాల తర్వాత అదే పెద్దమ్మ వరసలో తన వెనక నిలబడ్డ కొత్త మనిషికి ఏదో గట్టిగా చెబుతోంది. దగ్గరికెళ్తే వినపడింది. "తెల్ల దారందాన్ని దాచుకోమాక. నాకియ్యి, నేనన్నా తింటా."